రక్షించి తెచ్చిన పాములకు పీవీసీ పెట్టె: నాలుగేళ్లు వాడాక

12 మి.మీ. పీవీసీ ఫోమ్ షీటుతో (లోపల నురగలా ఉండే తేలికపాటి ప్లాస్టిక్ పలకతో) కట్టిన పెట్టెలు మూడు. ఒక్కోటి 120 సెం.మీ. పొడవు, 60 లోతు, 60 ఎత్తు. నాలుగేళ్లుగా ఖాళీ లేకుండా వాడకంలో ఉన్నాయి. రెండింట్లో బాల్ పైథాన్లు (ఆఫ్రికా రకం చిన్న కొండచిలువలు), మూడోదాంట్లో కార్న్ స్నేక్ (విషం లేని అమెరికా పాము). అన్నీ ఎవరో పెంచలేక వదిలేసినవే. మార్కులు ముందే వేసేస్తే షీటుకు పదికి తొమ్మిది, జారుడు గాజు తలుపుకు ఆరు, మొదట్లో పెట్టిన వేడి ఏర్పాటుకు మూడు. ఆ మూడు ఎందుకో చెప్పడానికే ఇక్కడ ఎక్కువ చోటు పోతుంది.

దానికన్నా ముందు ఒక మాట. కొత్తగా వచ్చిన పామును నేరుగా ఇలాంటి పెట్టెలో వదలకూడదు. మొదటి 90 రోజులు మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో, వేరే గదిలో ఉంచాలి. అడుగున పేపర్ టవల్, ఒక నీళ్ల గిన్నె, రెండు దాగే గూళ్లు చాలు. గసగసాల గింజంత నల్లటి మైట్లు (పాము రక్తం పీల్చే పురుగులు) తెల్ల కాగితం మీద ఇట్టే కనబడతాయి, నీళ్ల గిన్నెలో మునిగి తేలుతుంటాయి. పెట్టె అడుగున పరిచే కొబ్బరి పొట్టులో అవి కనబడేసరికి పెట్టె మూలమూలలా గుడ్లు పెట్టేసి ఉంటాయి. పెంట పరీక్షకు ఇవ్వాలన్నా కాగితమే సుఖం. పొట్ట కాలిన పాముకైతే గాయం మానేదాకా కాగితమే, పొట్టు పుండుకు అంటుకుంటుంది. పట్టకారు, గిన్నె ఆ డబ్బాకు వేరుగా ఉండాలి. పనులన్నీ అయ్యాక చివర్లోనే దాన్ని ముట్టుకోవాలి.

ఇక షీటు. ప్లైవుడ్ కూడా పనికొస్తుంది, కానీ బాల్ పైథాన్‌కు కావలసిన తేమలో దాని అంచులు ఉబ్బుతాయి. వార్నిష్ ఎన్ని పూతలు వేసినా స్క్రూ దిగిన చోట నీరు దారి వెతుక్కుంటుంది. పూర్తి గాజు తొట్టి చూడముచ్చటగా ఉంటుంది గానీ వేడిని నిలుపుకోదు, జాలీ మూత ఉంటే తేమా నిలవదు. పైగా నాలుగు వైపులా కనబడే పాముకు బెదురు తగ్గదు. పీవీసీకి నీటి భయం లేదు, తుడిస్తే చాలు. ఒక పెట్టెకు షీటు బరువు 20 కిలోలకు అటూ ఇటూ, ఇద్దరు మోస్తే అవలీలగా కదులుతుంది.

కోతలు ఇవి: పైకప్పు, అడుగు 120 × 60 చొప్పున, పక్కలు రెండూ 60 × 57.6, వెనక పలక 117.6 × 57.6, ముందు కింద 10 సెం.మీ. అడ్డుకట్ట, పైన 5 సెం.మీ. పట్టీ, రెండింటి పొడవూ 117.6. పక్కలు, వెనక పలక కప్పుకూ అడుక్కూ మధ్యలో కూర్చుంటాయి కాబట్టే ఆ 57.6. స్క్రూలు 3.5 × 35 మి.మీ., 15 సెం.మీ.కు ఒకటి. ముందుగా 2.5 మి.మీ. రంధ్రం వేయకుండా షీటు అంచులోకి స్క్రూ దించితే అది పొరలుగా విచ్చుకుంటుంది. డ్రిల్లును గట్టిగా తిప్పినా అంతే, స్క్రూ పట్టు జారిపోయి ఊరికే తిరుగుతుంది. చివరి రెండు చుట్లు చేత్తో బిగించండి. లోపలి మూలలన్నిటికీ మామూలు సిలికాన్ వేయాలి. బూజు పట్టకుండా మందు కలిపిన రకం వద్దు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. వాసన పోయినా వారం ఆగాకే పామును వదలాలి.

లోపం ఒకటుంది. 120 సెం.మీ. కప్పు కాలక్రమేణా నడుమ కిందికి వంగుతుంది. పెట్టె మీద పెట్టె పేర్చితే ఇంకా త్వరగా. కప్పు వంగితే తలుపు గాజు పట్టాలో ఇరుక్కుంటుంది. కప్పుకు లోపలివైపు ముందు నుంచి వెనక్కి 5 సెం.మీ. పట్టీ ఒకటి నిలువుగా అతికిస్తే ఆ బాధ తీరుతుంది. ఇది కట్టేటప్పుడే చేసుకోవాల్సిన పని. తర్వాతైతే పామును, పొట్టును బయటికి తీయాల్సిందే.

తలుపుకు ఆరు మార్కులే ఎందుకంటే, రెండు గాజులు ఒకదాని మీదుగా ఒకటి జారే చోట 3 నుంచి 4 మి.మీ. సందు ఉండిపోతుంది. పెద్ద పాముకు అది లెక్కలోకి రాదు. కార్న్ స్నేక్ పిల్లకు మాత్రం అదే రాజమార్గం. తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. పిల్లలకైతే ఈ పెట్టె వద్దు. పెద్దవాటికి గాజు అంచుకు పారదర్శకమైన బ్రష్ పట్టీ చాలు. గాజు 4 మి.మీ. మందం సరిపోతుంది. గాజు కోయించే తొందరలో ముందే కొలతలు ఇవ్వొద్దు. అడ్డుకట్ట అంచు 12 మి.మీ.లే కాబట్టి దాని మీద 2 సెం.మీ. వెడల్పు పట్టీ అతికించి, దానిపై పట్టాలు బిగించాక కొలవాలి. కింది పట్టా గాడి అడుగు నుంచి పై పట్టా పెదవి దాకా ఎంతుందో దానికి 5 మి.మీ. కలిపితే గాజు ఎత్తు. కింది గాడి 6, పై గాడి 13 మి.మీ. లోతు ఉంటే గాజును పైకెత్తి బయటికి లాగొచ్చు, కిందికి దించితే ఊడిరాదు. వెడల్పు ఒక్కోటి 60.3 సెం.మీ., నడుమ 3 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వస్తాయి. తాళం తప్పనిసరి. పాము ముక్కుతో గాజును పక్కకు నెట్టడం ఒక్కసారి నేర్చుకుందంటే మరి మరచిపోదు.

వేడి సంగతికొద్దాం. మొదటి ఏర్పాటు: పెట్టె కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి పట్ట), వేడిని బట్టి దాన్ని వెలిగించి ఆర్పే ఆన్-ఆఫ్ థర్మోస్టాట్. గాజు తొట్టికి నడిచే ఈ పద్ధతి పీవీసీకి నప్పదు. ఫోమ్ షీటు వేడిని ఆపే రకం. మ్యాట్ వేడి పైకి రాక కిందే ఉండిపోతుంది, అడుగు మెత్తబడి వంగుతుంది, లోపల మాత్రం గాలి చల్లగానే. పోనీ మ్యాట్ లోపల పెడదామంటే మరీ ప్రమాదం. చల్లటి పెట్టెలో వేడి అడుగునే దొరికితే పాము దాన్ని వదలదు, పొట్ట పొలుసులు కాలుతున్నా కదలదు. రక్షించిన పాముల పొట్టల మీద కనబడే మచ్చల్లో చాలా వాటికి కారణం ఇదే. వేడి రాళ్ల పేరుతో అమ్మేవి ఇంకా అన్యాయం.

ఇప్పుడున్నది 80 వాట్ల రేడియంట్ ప్యానెల్, అంటే పైనుంచి కిందికి వేడి ప్రసరించే చదునైన పలక. ఒక చివర కప్పుకు లోపలివైపు బిగించాం. ఫోమ్‌లో దిగిన స్క్రూలు బరువుకూ వేడికీ వదులవుతాయి కాబట్టి కప్పును దాటి పైకొచ్చే బోల్టులు, వాషర్లు వాడాలి. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సెరామిక్ బల్బు కూడా పనిచేస్తుంది, కానీ దాని ఒళ్లు నిప్పులా కాలుతుంది. పింగాణీ హోల్డరు, చుట్టూ తీగ గూడు లేకుండా వాడకూడదు. పీవీసీ కప్పుకు దగ్గరైతే కప్పే వంగుతుంది. ప్యానెల్ కింద పాము పడుకునే చోట బాల్ పైథాన్‌కు 32 డిగ్రీలు, చల్లటి చివర 25 నుంచి 26. కార్న్ స్నేక్‌కు 30, ఆవల 23.

థర్మోస్టాట్ సెన్సర్ ఎక్కడుందన్నదే మొత్తం వ్యవహారం. పాము ఎత్తులో, ప్యానెల్ కిందే, గోడకు క్లిప్పుతో స్క్రూ చేసి ఉండాలి. అది జారి చల్లటి చివరకో నీళ్ల గిన్నెలోకో పడిందంటే థర్మోస్టాట్ చలేస్తోందనుకుని ప్యానెల్‌ను పూర్తి జోరుతో నడుపుతుంది. టేపుతో మాత్రం అతికించొద్దు. జిగురుకు పాము అంటుకుంటే విడదీసేటప్పుడు పొలుసులతోపాటు చర్మమూ ఊడొస్తుంది.

థర్మోస్టాట్‌లో రిలే (కరెంటును కలిపి తెంపే లోపలి స్విచ్) అతుక్కుపోతే కరెంటు ఆగదు. అందుకే రెండోది కావాలి. గోడ ప్లగ్గు తర్వాత ముందు 35 డిగ్రీలకు పెట్టిన ఆన్-ఆఫ్ రకం, దాని తర్వాత 32కు పెట్టిన పల్స్ (కరెంటును ముక్కలుగా పంపేది) లేదా డిమ్మర్ (తగ్గించి పంపేది) రకం, ఆపైన ప్యానెల్. వరుస తారుమారు చేయొద్దు. పల్స్ రకం ముక్కలుగా పంపే కరెంటుతో రెండో యంత్రం సరిగా పనిచేయదు. నెలకోసారి 40 డిగ్రీల నీళ్ల గ్లాసులో ఒక్కో సెన్సర్‌నూ ముంచితే ప్యానెల్ ఆగాలి. అదే రోజు ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచే పరికరంతో) నేల వేడి కూడా చూసుకోవాలి. తెర మీద 32 ఉన్నంత మాత్రాన పొట్ట కింద 32 ఉందని కాదు. ముల్లు తిరిగే స్టిక్కర్ మీటర్లు బొమ్మలు, వాటిని నమ్మొద్దు.

గాలి రంధ్రాలు తక్కువతో మొదలుపెట్టడం మంచిది. చల్లటి పక్కన కింద రెండు, వేడి చివర వెనక పలక మీద పైన రెండు, 50 మి.మీ. జాలీలు. మొదట అటూ ఇటూ నాలుగేసి పెడితే తేమ 40 శాతానికి పడిపోయింది, కుబుసం ఒక్క తొడుగులా రాకుండా ముక్కలై కళ్ల మీద ఉండిపోయింది. సగం మూసేశాక 60 నుంచి 70 మధ్య నిలిచింది. కొబ్బరి పొట్టు 8 సెం.మీ. మందం వేస్తే 50 లీటర్ల పైమాటే పడుతుంది. నీళ్లు చిలకరించడం దండగ, పైపొర తడిసి గంటలో ఆరిపోతుంది. లీటరో లీటరున్నరో మూలల్లో పోస్తే అడుగు తడిగా, పైన పొడిగా ఉంటుంది. పొద్దున్న గాజు మీద ఆవిరి కాస్త కనబడితే ఫర్వాలేదు. సాయంత్రానికీ ఉంటే తేమ ఎక్కువైనట్టు, పొట్ట కింద బొబ్బలు వచ్చేది అప్పుడే. కార్న్ స్నేక్‌కు ఈ తడి అక్కర్లేదు, ఆస్పెన్ చెక్క పొట్టు చాలు. దేవదారు, పైన్ పొట్టు ఏ పాముకూ వద్దు, వాటి నూనెలు పడవు.

దాగే గూళ్లు రెండు, ఒకేలాంటివి, రెండు చివర్లా ఉండాలి. ఒంటికి నాలుగు వైపులా తగిలేంత ఇరుగ్గా ఉంటేనే పాముకు ధైర్యం. లేదంటే వేడి కావాలా దాగడం కావాలా అని రోజంతా తేల్చుకోలేక తిండి మానేస్తుంది. దీపం 12 గంటలు, టైమర్ మీద.

శుభ్రానికి ఫినాయిల్ జోలికి పోకూడదు, ఫినాల్ పాములకు విషం. నీళ్లలో కలిపిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో తుడిచి, పది నిమిషాలు ఆగి, మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. అడుగు పట్టాలో చేరిన పొట్టును పాత టూత్‌బ్రష్‌తో తీస్తే గాజు మళ్లీ సాఫీగా జారుతుంది. జబ్బు లేనప్పుడు అన్నీ ఒకేసారి కడగొద్దు, ఒక గూటిని అలాగే వదిలేయాలి. తన వాసన ఎక్కడా తగలని పెట్టెలో బెదురు పాము పది రోజులైనా ఎలుకను ముట్టదు.