కాస్కేడ్స్ తడి మంచులో గట్టి బూట్లు, బరువు స్కీలు: కొన్ని సీజన్లు వాడాక

స్కీ టూరింగ్ అంటే లిఫ్టు లేకుండా స్కీల మీదే కొండెక్కి, కిందికి దిగడం. దాని సామాను కొనేవాళ్లు ముందు గ్రాములు చూస్తారు. నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. వేగంగా, పెద్ద మలుపులతో, బూటు మీద బరువంతా వేసి దిగేవాళ్లకు మాత్రం సరిపోదు. సియాటెల్ పక్కన ఉంటూ, కాస్కేడ్స్ కొండల్లో స్నోక్వాల్మీ పాస్ నుంచి మౌంట్ బేకర్ దాకా కొన్ని సీజన్లు ఒకే బూట్లు, ఒకే స్కీలతో తిరిగాక ఈ మాట అంటున్నాను. రెడ్‌మండ్, బెల్‌వ్యూ నుంచి లిఫ్టుల దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో ఇప్పుడు లిఫ్టు లేని కొండల వైపు చూస్తున్నవాళ్లూ కనిపిస్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నా బరువు 82 కిలోలు. లిఫ్టు దగ్గర 130 ఫ్లెక్స్ బూట్లు అలవాటు (ఫ్లెక్స్ అంటే బూటు ఎంత గట్టిదో చెప్పే అంకె). నాకు నచ్చినవి మీకూ నచ్చాలంటే ఈ రెండు విషయాలూ కొంచెమైనా కలవాలి. అరవై కిలోల మనిషికి నా స్కీలు బండలా అనిపిస్తాయి.

ముందు మంచు సంగతి. కాస్కేడ్స్ మీద పడేది పసిఫిక్ సముద్రపు తేమ. 1998-99 సీజన్‌లో మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1,140 అంగుళాల మంచు పడింది. అంటే దాదాపు 29 మీటర్లు, ప్రపంచ రికార్డు. అంత పడినా యూటాలో పడేలాంటి పొడి మంచు కాదు, చాలాసార్లు తడిగా, బరువుగా ఉంటుంది. రాత్రి గడ్డకట్టి పొద్దున పెంకులా ఉంటుంది, మధ్యాహ్నానికి గుజ్జవుతుంది. ఈ మంచులో వేగంగా దిగేటప్పుడు తేలిక స్కీ అదురుతుంది, ముక్కు పక్కకు కొట్టుకుపోతుంది. గతుకుల రోడ్డు మీద మోపెడ్‌కీ బుల్లెట్‌కీ ఉన్న తేడా అది.

డబ్బు ముందు పెట్టాల్సింది బూట్ల మీద. స్కీ ఎంత మంచిదైనా దాన్ని తిప్పేది బూటే. నావి నాలుగు బకిళ్లవి, గ్రిలమిడ్ అనే తేలిక ప్లాస్టిక్‌తో చేసిన షెల్ (బయటి తొడుగు), 99 మిల్లీమీటర్ల వెడల్పు, 130 ఫ్లెక్స్, ఒక్కోటి సుమారు 1,400 గ్రాములు. కంపెనీ పేరు చెప్పడం లేదు. నా పాదానికి సరిపోయిన మోడల్ మీ పాదానికి సరిపోతుందని ఎవరూ చెప్పలేరు, పేరు చెబితే చాలామంది అదే ఆర్డర్ చేసేస్తారు. ఈ తరగతిలో చూడదగ్గవి చాలా ఉన్నాయి: టెక్నికా జీరో జీ టూర్ ప్రో, స్కార్పా మేస్ట్రాలే ఆర్‌ఎస్, అటామిక్ హాక్స్ అల్ట్రా ఎక్స్‌టీడీ 130. జీరో జీ టూర్ ప్రో 26.5 సైజులో 1,320 గ్రాములని, నడిచేటప్పుడు కఫ్ (బూటు పై భాగం) 55 డిగ్రీలు కదులుతుందని కంపెనీ చెప్పింది. అంత తక్కువ బరువులో అంత గట్టి బూటు దొరకడం పెద్ద విషయమే.

అయితే 130 అన్న అంకెను నమ్ముకోకండి. కంపెనీలన్నిటికీ కలిపి ఫ్లెక్స్ కొలత ఒకటి లేదు. పైగా లిఫ్టు దగ్గర వాడే పాలీయురెథేన్ బూటు నొక్కేకొద్దీ మెల్లగా లొంగుతుంది. పలుచటి గ్రిలమిడ్ బూటు కొంత లొంగి, అక్కడ గోడలా ఆగిపోతుంది. పెంకు మంచు మీద ఆ దెబ్బ నేరుగా కాలి ముందరి ఎముకకు తగులుతుంది. దీనికి నాకు దొరికిన మందు లైనర్, అంటే లోపలి మెత్తటి బూటు, మార్చడం. బూటుతో వచ్చిన పలుచటిది తీసేసి, వేడితో పాదానికి అచ్చు పోసుకునే మందపాటి ఫోమ్ లైనర్ వేయించాను. ఒక్కో కాలికి వంద గ్రాములదాకా పెరిగింది. ఆ వంద గ్రాములు నా సెట్ మొత్తంలో అన్నిటికన్నా బాగా ఖర్చుపెట్టిన బరువు. అదురు తగ్గింది, మడమ కదలడం మానేసింది.

సైజు చూసేటప్పుడు లైనర్ బయటికి లాగి, ఒట్టి షెల్‌లో కాలు పెట్టి చూడాలి. వేళ్లు ముందు తగిలేలా పెట్టినప్పుడు మడమ వెనక పది నుంచి పదిహేను మిల్లీమీటర్ల సందు ఉంటే గట్టిగా దిగేవాళ్లకు సరైన సైజు. రెండు వేళ్లు దూరితే వదులు. 26, 26.5 సైజులకు చాలా కంపెనీల్లో షెల్ ఒకటే, కాబట్టి ఆ అర సైజు గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. లైనర్ వాడేకొద్దీ అణుగుతుంది. దుకాణంలో హాయిగా ఉన్న బూటు సీజన్ చివరికి వదులవుతుంది. గ్రిలమిడ్‌ను వేడిచేసి సాగదీయవచ్చు గానీ, అది కొంత వెనక్కి ముడుచుకుంటుంది. చిటికెన వేలి దగ్గర నాకు రెండుసార్లు సాగదీయించాల్సి వచ్చింది. మీగాలు ఎత్తుగా ఉన్నవాళ్లు దానికి అదనంగా చూపించుకోవాలి, ఎందుకంటే అక్కడ నొక్కితే వేళ్లకు రక్తం అందక మొద్దుబారతాయి. బూట్లకే 800 డాలర్లు దాటుతాయి, ఫిట్టింగ్ తెలిసిన మనిషికి ఇంకొంత ఇవ్వడానికి వెనకాడవద్దు.

ఎక్కేటప్పుడు పై రెండు బకిళ్లు పూర్తిగా వదిలేసి, మీగాలి మీది బకిల్ మాత్రం వేలితో నొక్కితే పడేంత బిగువు ఉంచుతాను. అది కూడా వదిలేస్తే మడమ లేచి బొబ్బలు వస్తాయి.

వాడకంలో అరిగినవి: బండల మీద నడిచి ముందు సోల్ రబ్బరు, కఫ్ తిరిగే చోట స్క్రూలు. స్క్రూలు సీజన్ మొదట్లో ఊడదీసి జిగురు వేసి బిగిస్తున్నాను. కఫ్‌కు కాస్త ఆట వచ్చింది, దిగేటప్పుడు తెలియదు, నడకలో తెలుస్తుంది. నడకకు కఫ్‌ను వదిలే, దిగడానికి బిగించే వాక్ మోడ్ లివర్‌లో మంచు గడ్డకట్టి అది సగమే పడుతుంది. స్కీ మోడ్‌లోకి మార్చాక ఒకసారి గట్టిగా ముందుకు వాలి చూసుకోకుండా దిగను.

స్కీలు 184 సెంటీమీటర్లు, నడుము 106 మిల్లీమీటర్లు, ఒక్కోటి సుమారు 1,800 గ్రాములు. ముక్కు కొంచెమే లేచి ఉంటుంది, తోక దాదాపు చదును. బ్లాక్ క్రోస్ కార్వస్ ఫ్రీబర్డ్ ఈ వరసలోదే. ఇంకా తేలిగ్గా కావాలి, గట్టిదనం పోకూడదు అనుకుంటే బ్లిజార్డ్ జీరో జీ 105 చూడవచ్చు.

నాతో వచ్చే మా బావమరిది స్కీలు 1,400 గ్రాములవి. మౌంట్ రెయినియర్ మీద పారడైజ్ నుంచి క్యాంప్ మ్యూర్ దాకా నాలుగున్నర వేల అడుగులకు పైగా ఎక్కుడు. దారంతా “బావా, అంత బరువెందుకు ఈడుస్తావు?” అంటాడు. పైకి నాకన్నా ముందే చేరి టీ తాగుతూ కూర్చుంటాడు. కాలికి 400 గ్రాములు ఎక్కువైతే చివరి వెయ్యి అడుగుల్లో తొడలకు తెలిసిపోతుంది, దాచడానికేం లేదు. కిందికి వచ్చేటప్పుడు గాలి చెక్కిన గట్టి గీతల మీద తను చిన్న చిన్న మలుపులు తీసుకుంటూ వస్తాడు, నేను స్కీలను వాటి దారిన వదిలేస్తాను. ఆ వేగంలో ముక్కు వణక్కుండా నిలబడటం కోసమే నేను ఇంత దూరం ఎక్కుతున్నాను. అందుకే ఆ బరువు నాకు భారమనిపించదు.

ఈ స్కీలతో నిజమైన ఇబ్బంది కిక్ టర్న్, అంటే ఎక్కేటప్పుడు మలుపులో ఒక్కో స్కీని ఎత్తి తిప్పడం. నిటారు వాలు మీద చదును తోక మంచులో గుచ్చుకుంటుంది, స్కీని వెనక్కి విసిరి తిప్పడం కష్టం. దట్టమైన చెట్ల మధ్య కూడా 184 పొడవు ఎక్కువే.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ గురించి తక్కువే చెబుతాను. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్టెల్ 1980లలో కనిపెట్టిన రెండు పిన్నుల పద్ధతే ఇప్పటికీ టూరింగ్‌కు ఆధారం. ఎక్కడానికి దాన్ని మించింది లేదు. గట్టిగా దిగేవాళ్లకు ముందు పిన్నులు, వెనక లిఫ్టు బైండింగ్ తరహా మడమ ఉన్నవి బాగుంటాయి: మార్కర్ కింగ్‌పిన్, ఫ్రిచి టెక్టన్ లాంటివి. లిఫ్టు దగ్గర కూడా అవే స్కీలు వాడాలనుకుంటే 2018లో వచ్చిన సాలమన్ షిఫ్ట్ ఉంది, కాకపోతే బరువు. ఏది కొన్నా బూటు సోల్ ఏ ప్రమాణానిదో చూడండి. ఐఎస్ఓ 9523 టూరింగ్ సోల్‌ను, ఐఎస్ఓ 5355 బూట్లకే చేసిన లిఫ్టు బైండింగ్‌లో పెడితే పడినప్పుడు అది సరిగ్గా వదలదు, మోకాలు పోతుంది. పిన్నుల కింద మంచు పేరుకుంటే పోల్ కొనతో గోకి తీసేయాలి. ఎక్కేటప్పుడు వేసిన ముందు లాక్‌ను దిగేముందు తీసేయాలి. లాక్ వేసి ఉంటే బైండింగ్ కాలిని వదలదు, మంచు చరియ విరిగిపడితే స్కీలు లంగరుల్లా కిందికి లాగుతాయి.

సామాను గట్టిదైనకొద్దీ వాలు చిన్నదనిపిస్తుంది, ప్రమాదం మాత్రం చిన్నదవదు. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ మంచు చరియల ప్రమాదం మీద చలికాలంలో రోజూ ఇచ్చే అంచనా చదవందే నేను ఇంట్లోంచి కదలను. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లను వెతికే సిగ్నల్ పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) లేని మనిషితో కలిసి వెళ్లను.

రోజుల తరబడి కొండలు దాటుకుంటూ పోయేవాళ్లకు, ఎక్కడమే ఇష్టమైనవాళ్లకు ఈ సెట్ వద్దు. వాళ్లకు వెయ్యి గ్రాముల బూటు, 1,300 గ్రాముల స్కీ హాయి. కష్టపడి ఎక్కినదాన్ని ఒకే ఊపులో దిగాలనుకునేవాళ్లు మాత్రం బూటు, స్కీ రెండూ ఒకే స్థాయివి తీసుకోవాలి. 1,800 గ్రాముల స్కీకి రెండు బకిళ్ల బూటు తగిలిస్తే ఆ స్కీ మీ మాట వినదు.

నా లైనర్లు ఈ చలికాలంతో అయిపోతాయి, అవే మళ్లీ వేయిస్తాను. స్కీలు మార్చే రోజు వస్తే ఇదే బరువులో 178 పొడవు తీసుకుంటాను, కిక్ టర్న్‌ల కోసం.