మా డిజైర్ కారుకి పక్క లైట్లు: తాడిపత్రి బస్టాండు వెనక భాయ్ చేసిన పని

నేను బత్తలపల్లి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కాపురం అనంతపురంలో. చలికాలం వచ్చిందంటే పదో తరగతికి స్టడీ అవర్స్ ఉంటాయి, కారు తీసేసరికి ఏడు దాటుతుంది. పోయిన జనవరిలో ఒక పిల్లాణ్ని వాళ్ల ఊళ్లో దింపిపోదామని కదిరి రోడ్డు అడ్డంగా దాటుతున్నాను. సగం దాటానో లేదో, పాల క్యాన్లు కట్టిన బైకు ఒకటి ఎడమ నుంచి వచ్చి, పిల్లాడు కూర్చున్న తలుపుకి జానెడు దూరంలో ఆగింది. బైకు అబ్బాయి కూడా వణికిపోతున్నాడు. "సార్, మీ లైటు ముందుకి కొడ్తాంది, ఈడ బండి ఉందనే కనపల్లేదు" అన్నాడు.

అతని మాట నిజం. మాది 2013 డిజైర్, ముదురు బూడిద రంగు. హెడ్‌లైటు ముందుకి, టెయిల్ లైటు వెనక్కి. మధ్యలో ఉన్న నాలుగు మీటర్ల రేకు చీకట్లో చీకటే. మడ్‌గార్డు మీద చిన్న ఇండికేటర్ ఉంది కానీ నేరుగా రోడ్డు దాటేటప్పుడు అది వెలగదు కదా. అమెరికాలో కార్లకి పక్క లైటు గానీ రిఫ్లెక్టరు గానీ ఉండాలని 1968 లోనే రూలు పెట్టారు, 1970 నుంచి రెండూ ఉండాలన్నారు. మన దగ్గర లారీల పక్కన వరసగా పసుపు లైట్లు చూస్తాం గానీ చిన్న కారుకి ఎవరూ పెట్టుకోరు.

మొదట ఊళ్లోనే ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లి తప్పు చేశాను. అరగంటలో నాలుగు లైట్లు అంటించి పంపించారు. వెలిగాయి, సంతోషపడ్డాను. మార్చిలో ఒక రాత్రి స్కూలు నుంచి వస్తుంటే మీటరు బోర్డు లైటు ఠక్కున ఆరిపోయింది. దిగి చూస్తే టెయిల్ లైట్లూ లేవు. బ్రేకు తొక్కితే మాత్రం వెనక ఎర్రగా వెలుగుతోంది. వెనక లారీలు వస్తుంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసుకుని ఇరవై కిలోమీటర్లు నిదానంగా వచ్చాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

మా స్కూలు అటెండరు చెబితే బండ్ల వైరింగు చేసే ఒకాయన దగ్గరికి పోయాను, అందరూ భాయ్ అంటారు. తాడిపత్రి బస్టాండు వెనక సందులో వేపచెట్టు కింద రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. అంతా లారీల వైరింగు పనే. టెస్ట్ ల్యాంపు పట్టుకుని పది నిమిషాల్లో జబ్బు పట్టేశాడు. మొదటి షాపు వాళ్లు ముందు పార్కింగ్ బల్బు (లైటు స్విచ్ వెయ్యగానే ముందు వెలిగే చిన్న బల్బు) వైరుని క్లిప్పుతో నొక్కి, అక్కణ్ణుంచి కార్పెట్ కింద ఒకటే సన్న వైరు డిక్కీ దాకా లాగారు. రేకులో రంధ్రం దాటే చోట రబ్బరు బుష్షు లేదు. బండి అదురుకి రేకు అంచు వైరు తోలుని కోసేసింది. ఆ వైరుకి విడిగా ఫ్యూజు లేదు కాబట్టి అది రేకుకి తగలగానే కంపెనీ ఫ్యూజే పోయింది. పార్కింగు, టెయిలు, మీటరు అన్నీ దాని మీదే. రాగి బయటపడిన ఆ ముక్కని భాయ్ నా అరచేతిలో పెట్టాడు. గోరంత ఉంది.

"వైరు పొడుగు లాగే పనే లేదు సార్" అన్నాడు. ముందు లైట్లకి ముందు పార్కింగ్ బల్బు దగ్గరే, వెనక లైట్లకి డిక్కీలో టెయిల్ లైటు దగ్గరే కరెంటు తీసుకున్నాడు. అంటే లైటు స్విచ్ వేస్తే నాలుగూ వాటంతట అవే వెలుగుతాయి. ప్రతి జాయింటూ టంకం పెట్టి, స్లీవు తొడిగి, లైటరుతో వేడిచేసి బిగుసుకునేలా చేశాడు. ప్రతి వైపూ 2 ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. ఎర్త్ కోసం బోల్టు కింద పెయింటుని బ్లేడుతో మెరిసేదాకా గీకి, వైరు బిగించి, పైన గ్రీజు రాశాడు. నేను మల్టీమీటరు పెట్టి చూశాను: ఒక్కో ఎల్ఈడీ లైటు 0.06 ఆంపియర్లు. మామూలు 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒక్కటే 0.4 దాకా లాగుతుంది. నాలుగూ కలిపినా అంత లేదు, బ్యాటరీ గురించి భయపడే పనే లేదు.

లైట్లని నేరుగా బిగించలేదు. ముందు టేపుతో అంటించి, ఇరవై అడుగులు వెనక్కి పోయి చూసి, రెండుసార్లు మార్చాడు. డోరు పక్కన రేకు మీద పెట్టమంటే ఒప్పుకోలేదు, రంధ్రం చుట్టూ తుప్పు పడుతుందన్నాడు. బంపరు పక్కలు ప్లాస్టిక్కు కాబట్టి అక్కడే స్క్రూలు వేశాడు. గమ్ టేపు మన ఎండకి మేలో జారిపోతుందట. మొదటి షాపు వాళ్లవి ఒకటి అప్పటికే వేలాడుతోంది. నాలుగూ పసుపే పెట్టాడు. ముందు వైపు ఎరుపు, ఎక్కడైనా నీలం అడిగేవాళ్లు వస్తారట, చెయ్యనని పంపించేస్తాడు.

లైట్లు ఒక్కోటి 150, పని 1,200, మొత్తం 1,800 అయింది. మూడున్నర గంటలు పట్టింది. కూర్చోడానికి ఒక స్టూలే ఉంది, బిల్లు ఇవ్వడు, ఫోన్ చేసి టైము అడిగితే "రండి సార్" అంటాడంతే. పొద్దున తొమ్మిదిలోపు వెళ్లాలి, తర్వాత లారీలు వచ్చేస్తాయి.

ఒక్క లోపం వచ్చింది. జూన్‌లో మొదటి వాన పడ్డాక వెనక కుడి లైటు అద్దం లోపల చెమ్మ పట్టింది. తీసుకెళ్తే విప్పి చూసి, నీళ్లు కారిపోయే రంధ్రం పైకి వచ్చేలా బిగించానని తనే ఒప్పుకున్నాడు. కొత్తది పెట్టి రూపాయి తీసుకోలేదు. ఆ తర్వాత వానలకి ఏమీ కాలేదు. దుమ్ము మాత్రం బాగా పడుతుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తున్నాను.

పోయిన వారం రాత్రి స్కూలు గేటు దగ్గర కారు అడ్డంగా పెట్టి, పిల్లల్ని రోడ్డెంట నడిపించి ఎంతదూరం నుంచి కనపడుతుందో చూడమన్నాను. ఆరో కరెంటు స్తంభం దగ్గర నిలబడి కూడా రెండు చుక్కలూ విడివిడిగా కనపడుతున్నాయని అరిచారు. ఈ ఆదివారం మా బామ్మర్ది ట్రాక్టర్ ట్రాలీ తీసుకెళ్తున్నాను. చెనక్కాయ మూటలతో రాత్రిళ్లు తిరిగే ట్రాలీ అది, వెనక స్టిక్కరు కూడా చిరిగిపోయింది. పక్కకి మూడు చొప్పున పెడదామన్నాడు భాయ్.