కాలనీ వారి భాగస్వామ్యంతో నడిచే పురపాలక పార్కు: కొన్నేళ్ల వాడకం తరువాత

గోదావరి పశ్చిమ డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో మా కాలనీ పార్కును పురపాలక సంఘమూ, స్థానిక సంక్షేమ సంఘమూ కలిసి నిర్వహించడం మొదలై చాలా సంవత్సరాలైంది. దాదాపు రోజూ అక్కడికి వెళ్లే వ్యక్తిగా నా అభిప్రాయం ముందే చెబుతాను: ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు ఇది చక్కని పార్కు, తక్కిన వేళల్లో అంతంతమాత్రమే. ఇందుకు కారణం నిధుల కొరత కన్నా సంక్షేమ సంఘం సమావేశాలు జరిగే వేళ అని నా నమ్మకం.

రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమలులోకి వచ్చినప్పుడు చేరిన 12వ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులుగా ఉన్నాయి. అదే సవరణ వార్డు కమిటీలను 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలకే తప్పనిసరి చేసింది. భీమవరం, తణుకు, అమలాపురం వంటివి ఆ పరిధిలోకి రావు కాబట్టి, మా వంటి చోట్ల ప్రజల మాటకు ఉండే బలం ఒప్పంద పత్రం మీద, అప్పుడున్న అధికారి సహృదయం మీద ఆధారపడుతుంది.

స్థానికులు చేరినందువల్ల కలిగిన మేలు నేల విషయంలో స్పష్టంగా కనిపించింది. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నల్లమట్టి మీద గుత్తేదారు నేరుగా సిమెంటు పలకలు పరిచి వెళ్లగా, రెండు వర్షాకాలాలు గడిచేసరికి అవి ఎగుడుదిగుడై వృద్ధులు తడబడి పడసాగారు. సంఘంలో వ్యవసాయం చేసిన పెద్దలు ఉండబట్టి, పలకలు తీయించి, బాటను మెరక చేసి, కింద ఇసుక, గ్రావెల్ పోయించి, నిలిచే నీరు మురుగు కాలువలోకి పోయేలా తూము పెట్టించారు. పచ్చిక విషయంలోనూ వారి మాటే నిలిచింది: వేసవిలో కాలువలు కట్టేస్తే తాగునీటికే చెరువులు చూసుకునే ఊళ్లో, ఉప్పుదేరిన బోరు నీటితో విదేశీ గడ్డిని బతికించడం సాగదని చెప్పి, సగం మేర కానుగ, గంగరావి మొక్కలు నాటించారు. ఈ రోజు నీడ అంతా వాటిదే.

అయితే సమావేశం ఆదివారం ఉదయం ఏడింటికి, నడక ముగించిన వారి మధ్యనే జరిగేది. అందువల్ల దీపాలన్నీ నడకబాట వెంటనే వెలిశాయి, బెంచీలు బాటకు అభిముఖంగా ఎండలో నిలిచాయి, పదింటికి గేటుకు తాళం పడి సాయంత్రం నాలుగింటికి గాని తెరుచుకునేది కాదు. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, ఆటోవారికి మధ్యాహ్నం కాసేపు కూర్చునే చోటు అవసరమని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడిగే వారు ఆ వేళకు అక్కడ ఉండరు. తాగుబోతులు చేరతారన్న సంఘం భయం నిరాధారమైనది కాదు గాని, అందుకు తాళం కన్నా కాపలాదారు మేలు.

డ్వాక్రా మహిళల ఒత్తిడితో సమావేశాన్ని సాయంత్రానికి మార్చిన తరువాత గేటు మధ్యాహ్నం కూడా తెరుస్తున్నారు, ఊయలలు చెట్ల కిందికి వచ్చాయి. మరుగుదొడ్డి మాత్రం ఇప్పటికీ తాళంలోనే ఉంది. కట్టించింది పురపాలక సంఘం, శుభ్రం చేయించవలసింది ఎవరో ఒప్పందంలో రాయలేదు. ఇటువంటి ఏర్పాటు చేసుకోదలిచిన కాలనీల వారు నీటి బిల్లు, కాపలాదారు జీతం, మరుగుదొడ్డి శుభ్రత ఎవరి బాధ్యతో సంతకాలకు ముందే విడివిడిగా రాయించుకోవాలి, గేటు వేళలను మార్చే అధికారాన్ని ఒకరిద్దరి చేతిలో పెట్టకూడదు.