డిస్నీలో రాత్రి నీళ్ళ షో: పెద్దవాళ్ళతో వెళ్తే ఏది మేలు?

అమలాపురం నుంచో భీమవరం నుంచో కాలిఫోర్నియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకి డిస్నీలాండ్‌లో ఒక రోజు ఖాయం. పగలంతా తిరిగాక అసలు చర్చ మొదలవుతుంది: రాత్రికి 'ఫాంటాస్మిక్' చూద్దామా, 'వరల్డ్ ఆఫ్ కలర్' చూద్దామా? మనవలు ఒకటంటారు, అల్లుడు ఇంకోటంటాడు, పెద్దాయన "రూముకి పోదాం పదండి" అంటారు. ఆయన మాట కూడా తీసెయ్యాల్సింది కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు తెలుసుకోవాల్సింది, ఈ రెండు షోలూ ఒకే పార్కులో ఉండవు. డిస్నీలాండ్ ఉన్న అనాహైమ్ ఊళ్ళో రెండు పార్కులు ఎదురెదురుగా ఉంటాయి. 1955లో తెరిచిన పాత డిస్నీలాండ్‌లో ఫాంటాస్మిక్, 2001లో వచ్చిన కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో వరల్డ్ ఆఫ్ కలర్. ఒక రోజులో రెండు పార్కుల్లోకీ వెళ్ళాలంటే ఎక్కువ రేటు టికెట్ కొనాలి. కాబట్టి రాత్రి ఏ షో చూడాలో టికెట్ కొనేటప్పుడే తేల్చుకోవడం మంచిది.

వరల్డ్ ఆఫ్ కలర్‌లో హీరో నీళ్ళే. 2010 జూన్‌లో మొదలైంది. పారడైజ్ బే అనే చెరువులో దాదాపు 1,200 ఫౌంటెన్లు పెట్టారు. కొన్ని జెట్లు 200 అడుగుల దాకా లేస్తాయి. ఫౌంటెన్లన్నీ ఒక పెద్ద ప్లాట్‌ఫామ్ మీద బిగించి ఉంటాయి. పగలు అది నీళ్ళ కింద దాగి ఉంటుంది, షో వేళకి పైకి లేస్తుంది. సన్నటి తుంపరలతో గాలిలో తెర కట్టి, దాని మీద డిస్నీ సినిమాల బొమ్మలు వేస్తారు. వెనకాల మిక్కీ మొహం ఉన్న జెయింట్ వీల్ కూడా పాటకి తగ్గట్టు రంగులు మారుస్తుంది. ఎప్పుడైనా పెద్ద రిపేరు వస్తే చెరువంతా తోడేస్తారు, మన దగ్గర వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసినట్టు. అలాంటి రోజుల్లో షో ఉండదు, బయల్దేరే ముందు డిస్నీలాండ్ యాప్‌లో చూసుకోండి.

ఫాంటాస్మిక్‌లో మాత్రం మనుషులుంటారు. 1992 నుంచి నడుస్తున్న షో ఇది. పాత పార్కులో నది లాగా తవ్విన కాలవ మధ్యలో ఒక లంక ఉంది, అదే స్టేజీ. మిక్కీకి కల వస్తుంది, కలలోకి దుష్టులు దిగుతారు, నీళ్ళ మీద మంటలు లేస్తాయి, చివర్లో పెద్ద పడవ నిండా వేషాలు వేసుకున్నవాళ్ళు చేతులూపుతూ వస్తారు. కథ తెలియకపోయినా మంచివాడెవడో చెడ్డవాడెవడో తెలిసిపోతుంది. వీధి నాటకాలు చూసి పెరిగిన మన పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ పెద్ద అడ్డు కాదు. అదే వరల్డ్ ఆఫ్ కలర్‌లో, ఆ సినిమాలు చూడనివాళ్ళకి తెర మీద ఎవరో వస్తున్నారు, పోతున్నారు అంతే. కాకపోతే ఆ నీళ్ళూ రంగులూ చూడటానికి ఏ సినిమా తెలియక్కర్లేదు.

ఒక మాట. 2023 ఏప్రిల్‌లో ఫాంటాస్మిక్ జరుగుతుండగానే అందులోని పెద్ద డ్రాగన్ తగలబడిపోయింది. ప్రేక్షకులకేమీ కాలేదు. ఏడాది పైగా షో ఆపి, 2024 మేలో డ్రాగన్ లేకుండానే మళ్ళీ మొదలుపెట్టారు. యూట్యూబ్‌లో పాత వీడియో చూసి డ్రాగన్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్న మనవడుంటే ముందే చెప్పేయండి, అక్కడ ఏడుపు తప్పుతుంది.

ఇక అసలు తేడా మోకాళ్ళ దగ్గర వస్తుంది. ఫాంటాస్మిక్‌కి మంచి చోటు కావాలంటే చాలా ముందే వెళ్ళి దుప్పటి పరుచుకుని నేల మీద కూర్చోవాలి. కింద కూర్చోవడం మనకి కొత్తా అనిపిస్తుంది గానీ, అరవై దాటినవాళ్ళకి కూర్చోవడం కన్నా లేవడమే కష్టం. పోనీ వరల్డ్ ఆఫ్ కలరా అంటే, అక్కడ చోటు మెట్లు మెట్లుగా ఉంటుంది గానీ అందరూ నిలబడే చూస్తారు. యాప్‌లో వర్చువల్ క్యూలో, అంటే ఫోన్‌లోనే వరసలో, పేరు పెట్టుకుంటే గంటల ముందు వెళ్ళి కాపలా కాయక్కర్లేదు. అక్కడ నిలబడేది తక్కువసేపు, ఫాంటాస్మిక్‌లో కూర్చునేది ఎక్కువసేపు. నన్నడిగితే మన ఊరి పెద్దవాళ్ళకి వరల్డ్ ఆఫ్ కలరే నయం.

మోకాళ్ళు మరీ నొప్పిగా ఉంటే గేటు దగ్గర వీల్‌చైర్ అద్దెకిస్తారు, రెండు షోల్లోనూ వీల్‌చైర్ వాళ్ళకి వేరే చోటుంటుంది. కాకపోతే హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దర్జాగా వీల్‌చైర్ ఎక్కినవాళ్ళే ఇక్కడ "నాకేమైందని?" అంటారు. పదిమందిలో నామోషీ. అమ్మకి నాన్నగారి చేత, నాన్నగారికి మనవడి చేత చెప్పించాలి.

రెండు షోలకీ డిన్నర్ ప్యాకేజీలున్నాయి. భోజనంతో పాటు చూడటానికి ప్రత్యేకంగా చోటిస్తారు. డబ్బు బాగానే అవుతుంది, ప్లేట్లో అన్నం ముద్ద మాత్రం ఉండదు. బయటి తిండి లోపలికి రానిస్తారు, గాజు సీసాలు తప్ప. పులిహోర డబ్బా పట్టుకెళ్ళినవాళ్ళకి ప్యాకేజీ అవసరం ఫాంటాస్మిక్‌కే ఎక్కువ, చాలా ముందే వెళ్ళి చోటు కాపలా కాయడం తప్పించుకోవడానికి.

చలి గురించి ఎవరూ చెప్పరు. మే నెల ఉక్కపోతలో ఫ్యాన్ కింద చెమటలు కక్కుతూ సూట్‌కేస్ సర్దుతుంటే ఆవకాయ, పూతరేకులు, సున్నుండలు బరువు తూచుకోవడమే సరిపోతుంది, స్వెట్టర్ ఎవరికి గుర్తొస్తుంది? అనాహైమ్‌లో వేసవి రాత్రి కూడా చల్లగానే ఉంటుంది. వరల్డ్ ఆఫ్ కలర్‌లో ముందు వరసలో నిలబడితే తుంపరలకి తడుస్తారు కూడా. తడిసిన నూలు చీరతో ఆ గాలికి నిలబడితే మర్నాడు దగ్గు ఖాయం. పిల్లల్ని ముందుకి పంపి పెద్దవాళ్ళు వెనక మెట్టు మీద ఉండటం మంచిది, అక్కణ్ణుంచి మొత్తం కనిపిస్తుంది కూడా.

చిన్న పిల్లలుంటే కూడా నా ఓటు వరల్డ్ ఆఫ్ కలర్‌కే. ఫాంటాస్మిక్‌లో మంటలు, చప్పుళ్ళు, చెడ్డవాళ్ళ నవ్వులూ నాలుగేళ్ళ పిల్లల్ని ఝడిపిస్తాయి. పదేళ్ళు దాటిన పిల్లలైతే లెక్క మారిపోతుంది, వాళ్ళకి ఫాంటాస్మికే పండగ. అలాంటప్పుడు కొడుకూ కోడలూ పిల్లల్ని తీసుకుని అటు వెళ్ళిపోవచ్చు, పెద్దవాళ్ళని లాక్కెళ్ళక్కర్లేదు.

పెద్దాయన మాట దగ్గరికి వద్దాం. అమెరికా వెళ్ళిన మొదటి వారం ఏ షో అయినా దండగే. మనకీ కాలిఫోర్నియాకీ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా. సాయంత్రం ఏడయ్యేసరికి తల వాలిపోతుంది, తెల్లారగట్ల మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. పైగా జూన్‌లో అక్కడ పొద్దుగూకేది ఎనిమిదింటికి, షో మొదలయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. రెండు వారాలు పోనిచ్చి వెళ్ళండి. అప్పటికీ ఆయన రూముకి పోదామంటే నిజంగానే పోండి.

షో అయిపోగానే మాత్రం లేవకండి. జనమంతా ఒక్కసారే పార్కింగ్ ట్రామ్ వైపు పరిగెడతారు. పావుగంట అక్కడే ఉండి, డబ్బాలో పులిహోర మిగిలితే తినేసి, రద్దీ తగ్గాక నెమ్మదిగా బయల్దేరండి.