వంద గళ్ల చార్టు నుంచి చిన్న కార్డు దాకా: వార్‌హ్యామర్‌లో వూండ్ రోల్

“బావా, ఐదా ఆరా?”

పాచికలు గుప్పిట్లో పెట్టుకుని మా బావమరిది ఈ మాట ఎన్ని ఆదివారాలు అడిగాడో లెక్కలేదు. వాడిది ఓర్క్స్ సైన్యం, నాది ఇంపీరియల్ గార్డ్. టేబుల్ మీద చిన్న బొమ్మల సైన్యాలతో, పాచికలతో ఆడే యుద్ధపు ఆట వార్‌హ్యామర్ 40,000ను 2013లో, నియమాల పుస్తకం ఆరో ఎడిషన్‌తో మొదలుపెట్టాం. ఇప్పుడు 2023లో వచ్చిన పదో ఎడిషన్ ఆడుతున్నాం. బొమ్మలు, రంగులు, బ్రష్షుల సంగతి ఇంకోసారి రాస్తాను. ఇది మాత్రం వాడి ప్రశ్నకు జవాబు ఉండే చార్టు గురించే.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. తుపాకీ పేలిస్తే మూడు విడతలుగా పాచికలు వెయ్యాలి. గుండు తగిలిందా, తగిలితే గాయమైందా, గాయమైతే కవచం ఆపిందా. మొదటిదానికి, చివరిదానికి కావలసిన అంకె ఆయా బొమ్మ వివరాల్లోనే దొరుకుతుంది. మధ్యలోదే తలనొప్పి. నా ఆయుధం స్ట్రెంగ్త్‌నూ (దెబ్బ బలం) ఎదుటివాడి టఫ్‌నెస్‌నూ (దెబ్బకు తట్టుకునే గట్టిదనం) పోల్చి చూస్తేగానీ ఎంత పడాలో తెలీదు. దాన్నే వూండ్ రోల్ అంటారు.

అప్పట్లో దానికి అడ్డంగా పది, నిలువుగా పది, మొత్తం వంద గళ్ల చార్టు ఉండేది. రెండూ సమానమైతే 4 లేదా ఆపైన పడాలి. ఒక్కో అంకె తేడాకు ఒక్కో మెట్టు ఎక్కడమో దిగడమో. నేను చిన్నప్పుడు ఎక్కాలు బట్టీ పట్టినట్టే దీన్నీ పట్టాను. ముందు మన స్ట్రెంగ్త్, తర్వాత ఎదుటివాడి టఫ్‌నెస్, చివర పడాల్సిన అంకె: నాలుగు మీద నాలుగు, నాలుగు. నాలుగు మీద ఐదు, ఐదు. నాలుగు మీద ఆరు, ఆరు. నాలుగు మీద ఏడు, ఆరే. నాలుగు మీద ఎనిమిది, లేదు. చివర్లో ఆ ‘లేదు’ అనేది నిజంగా గడిలో ఒక గీతలా ఉండేది. ఎన్ని పాచికలు వేసినా గాయం కాదని అర్థం.

ఈ నాలుగో వరుస, అంటే స్ట్రెంగ్త్ 4 వరుస, ఇంత తేలిగ్గా నోటికి రావడానికి కారణం ఏమిటో నెల రోజులకు గానీ నాకు తట్టలేదు. ఆ వరుసలో ఎదుటివాడి టఫ్‌నెస్సే మనకు పడాల్సిన అంకె, రెండు నుంచి ఆరు దాకా. అది పట్టుకుంటే మిగతా వరుసలు బట్టీ పట్టక్కర్లేదు. మా సిపాయిల మామూలు తుపాకీ లాస్‌గన్ స్ట్రెంగ్త్ 3 కాబట్టి ఒకటి కలుపు, పెద్ద తుపాకీ హెవీ బోల్టర్‌ది 5 కాబట్టి ఒకటి తీసెయ్. వంద గళ్లు ఒక్క వరుసలోకి వచ్చేశాయి. ఫ్యాన్ గాలికి చార్టు కాగితం సోఫా కిందికి ఎగిరిపోయినా ఆట ఆగేది కాదు.

దగ్గరి పోరాటంలో తగిలిందా లేదా చూసే చార్టు మాత్రం నాకెప్పుడూ నచ్చలేదు. ఎంత గొప్ప వీరుడైనా, ఎదుట ఎంత చేతకానివాడు ఉన్నా, 3 కంటే మెరుగు లేదు. 2017లో అది పోయింది. పీడ విరగడైంది.

అదే ఏడాది వచ్చిన ఎనిమిదో ఎడిషన్‌లో వూండ్ చార్టూ మారి ఐదు వాక్యాలైంది. సమానమైతే 4. మనది ఎక్కువైతే 3, తక్కువైతే 5. టఫ్‌నెస్‌కు రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉంటే 2. సగమో అంతకన్నా తక్కువో ఉంటే 6. ఇప్పటికీ అదే నడుస్తోంది. కొత్తవాళ్లకు ఐదు నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. పాత చార్టు ఒంటబట్టిన నాకు మాత్రం ఏడాది పట్టింది. నోరు పాత అంకె చెప్పేస్తుంది, చెయ్యి పాచికలు విసిరేస్తుంది, తర్వాత నాలుక కరుచుకోవడం.

అసలు దెబ్బ ఆ ‘సగం’ దగ్గర తగిలింది. పదో ఎడిషన్ కొత్తలో స్పేస్ మెరైన్స్ సైన్యంతో ఆడే ఒక స్నేహితుడు రైనో బండి దింపాడు. టఫ్‌నెస్ 9. నా హెవీ బోల్టర్లు 5. తొమ్మిదిలో సగం నాలుగున్నర, కంగారులో దాన్ని ఐదు చేసుకున్నాను. ఇంకేముంది, సగమే కదా అని ఆట మొత్తం ఆరుల కోసం వేశాను. కావలసింది ఐదు. అంటే గాయం చేసే అవకాశంలో సగం నా చేత్తో నేనే పారబోసుకున్నానన్నమాట. వాడు కూడా గమనించలేదట, అలాగే అన్నాడు మరి!

ఆటలో చూసుకోవడానికి ఈ లెక్కలు రాసుకున్న చిన్న కార్డు ఒకటి నా దగ్గర ఉండేది, ఆ రాత్రి కూర్చుని దాన్ని మళ్లీ రాశాను. ఈసారి సగం అనే మాటే లేదు. రెండు అంకెల్లో చిన్నదాన్ని రెట్టింపు చెయ్యి. పెద్దది అక్కడిదాకా వచ్చిందా? వస్తే 2 లేదా 6, రాకపోతే 3 లేదా 5. రెట్టింపు చేస్తే ఎప్పుడూ అరలు, ముక్కాళ్లు రావు. ఐదుకు రెట్టింపు పది, రైనో తొమ్మిది, చేరలేదు, కాబట్టి ఐదు. కార్డు మీద నా తుపాకులకు రెండేసి అంకెలే ఉంటాయి: లాస్‌గన్ 3, 6. హెవీ బోల్టర్ 5, 10. ట్యాంకుల మీద వాడే లాస్‌కానన్ 12, 24. ఎదుటివాడి టఫ్‌నెస్ మొదటి అంకెకు సమానమైతే 4, దాన్ని దాటితే 5, రెండోదాన్ని అందుకుంటే 6. అప్పట్నుంచి మా టేబుల్ మీద ఈ లెక్క తప్పలేదు.

కొత్త చార్టుతో నాకున్న పేచీ వేరే. మధ్య మెట్లు మరీ వెడల్పు. స్ట్రెంగ్త్ 4 ఉన్న బోల్టర్‌కు టఫ్‌నెస్ 5, 6, 7 మూడూ ఒకటే, ఐదు పడితే చాలు. 2021లో ఓర్క్‌ల టఫ్‌నెస్ 4 నుంచి 5 అయిందని మా బావమరిది స్వీట్లు పంచినంత పని చేశాడు. నా లాస్‌గన్లకు అప్పుడూ ఐదే, ఇప్పుడూ ఐదే. పాత చార్టులో అయితే అది ఆరు అయ్యేది. వాడికి ఆ సంగతి చెప్పినప్పుడు మొహం చూడాలి.

ఇంకొకటి, ఆ ‘లేదు’ పోయింది. ఇప్పుడు లాస్‌గన్ దేన్నయినా గాయపరచగలదు, ఆరు పడితే చాలు. దీని మీద గొణిగేవాళ్లు లెక్క వేసినట్టు లేరు. టఫ్‌నెస్ 12, సేవ్ 2 (2 లేదా ఆపైన పడితే కవచం ఆపుతుంది) ఉన్న లాండ్ రైడర్ ట్యాంకు మీద గార్డ్ సిపాయి కాలిస్తే తగలడానికి సగం అవకాశం, గాయానికి ఆరింట ఒకటి, కవచం తప్పడానికి ఆరింట ఒకటి. డెబ్బై రెండు గుళ్లకు ఒక గాయం. అది పోవాలంటే 16 గాయాలు కావాలి, అంటే సగటున 1,152 గుళ్లు. లాస్‌గన్లతో ట్యాంకు పేల్చేస్తానన్నవాడికి నా పాచికల డబ్బా కూడా ఇస్తాను, తెల్లారేదాకా వేసుకోమని.

నాకు ఇంత నచ్చిన కార్డును జిరాక్స్ షాపులో లామినేట్ చేయించడం మాత్రం తెలివితక్కువ పని. ఇలాంటి పని ముందోసారీ చేశాను. తొమ్మిదో ఎడిషన్ నాటి కార్డు మీద లాస్‌కానన్ 9 అని ఉండేది, పదిలో అది 12 అయింది, దాంతో ఆ కార్డు చెత్తబుట్టలోకి పోయింది. ఇప్పుడు లామినేషన్ లోపల ఖాళీ గళ్లే ఉంచి, అంకెలు పైన స్కెచ్ పెన్‌తో రాస్తున్నాను. తడిగుడ్డతో తుడిస్తే పోతాయి.