పెళ్లి ఫొటోల వరుస, ఐదున్నర గంటల తేడా: ఏళ్లుగా ఎగ్జిఫ్‌టూల్ వాడాక

ఫొటో, వీడియో ఫైళ్ల లోపల దాగి ఉండే తీసిన సమయం, కెమెరా వివరాలు చదివి మార్చే ప్రోగ్రామ్ ఎగ్జిఫ్‌టూల్. ఇన్నేళ్లు వాడినా అందులో ఒక్క పని మీద మోజు తగ్గలేదు. ఫొటో తీసిన క్షణాన్నే ఫైలు పేరుగా మార్చడం ఆ పని. బటన్లూ మెనూలూ ఏమీ ఉండవు, టెర్మినల్‌లో ఆదేశం టైప్ చేయాలి. ఆ ఆదేశాన్ని ఒకసారి స్క్రిప్టులో, అంటే ఆదేశాల ఫైలులో, రాసి పెట్టుకుంటే చాలు, ఆ తర్వాత కార్డు రీడర్ గుచ్చడమే మన వంతు.

మా కడప వైపు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లకు దీని విలువ వెంటనే అర్థమవుతుంది. ఒక కెమెరా మండపం దగ్గర, ఇంకొకటి బంధువుల మధ్య, వీటికి తోడు పెళ్లివాళ్లు ఇచ్చే ఫోన్ వీడియోలు. ఒక కెమెరా ఫైళ్లు డీఎస్‌సీ అని మొదలవుతాయి, రెండోదానివి ఐఎంజీ అని. 9999 దాటగానే లెక్క మళ్లీ 0001కి వస్తుంది. పేర్ల వరుసలో చూస్తే ఒక్క తలంబ్రాల ఘట్టమే మూడు చోట్ల తేలుతుంది. తీసిన సమయమే పేరైతే జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అంతా ఒకే వరుసలోకి వచ్చేస్తుంది. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీట్లు వేసేటప్పుడు వెతుకులాటే ఉండదు.

పేరు కూర్పు ఇలా పెట్టుకుంటే మంచిది: ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత గంట, నిమిషం, సెకను, ఆపైన కెమెరా గుర్తు, చివర పాత ఫైలు సంఖ్య. పాత సంఖ్యను వదిలేయొద్దు. బర్స్ట్‌లో, అంటే బటన్ నొక్కి పట్టి వరుసగా తీసేటప్పుడు, ఒకే సెకనులో ఐదారు ఫ్రేములు పడతాయి. పేర్లు కలిసిపోతే ఎగ్జిఫ్‌టూల్ చివర 1, 2 అని తనే చేర్చగలదు గానీ, ఒకే ఫొటోను రా (కెమెరా ముడి ఫైలు), జేపెగ్ రెండుగానూ తీసేవాళ్లకు అది చాలదు. ఆ బర్స్ట్‌లో ఒక జేపెగ్‌ను కెమెరాలోనే చెరిపేసి ఉంటే, ఆ తర్వాతి రా ఫైళ్లకు ఒక సంఖ్య, వాటి జేపెగ్‌లకు ఇంకో సంఖ్య పడతాయి. పాత సంఖ్య పేరులో ఉంటే జత విడిపోదు. కెమెరాలో కలర్ స్పేస్ అడోబ్ ఆర్‌జీబీ అని ఉంటే పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. అందుకే స్క్రిప్టు ఫైళ్లను పేరు మొదలు చూసి వెతకకూడదు, ఎక్స్‌టెన్షన్ చూసి వెతకాలి. లైనక్స్‌లో *.jpg లాంటి నమూనాతో వెతికితే పెద్ద అక్షరాల ఎక్స్‌టెన్షన్, చిన్న అక్షరాలది రెండూ రాయాలి.

మొదటిసారి నడిపేటప్పుడు ఫైల్‌నేమ్ అని రాసే చోట టెస్ట్‌నేమ్ అని రాస్తే, ఏదీ మార్చకుండా ఏ పేరు ఏమవుతుందో మాత్రం చూపిస్తుంది. ఒక్కో ఫైలుకూ ఒక్కోసారి ఎగ్జిఫ్‌టూల్‌ను పిలవొద్దు. ఇది పెర్ల్‌లో రాసిన ప్రోగ్రామ్, పిలిచిన ప్రతిసారీ పెర్ల్ మొత్తం లోడ్ కావాలి. ఫోల్డర్ మొత్తాన్ని ఒక్క ఆదేశానికి అప్పగిస్తే పాత డెస్క్‌టాప్‌లో కూడా చకచకా అయిపోతుంది.

ఇక అసలు చిక్కు వీడియోలతో. తెల్లవారుజామున 4:20కి ముహూర్తం అనుకోండి. స్క్రిప్టు తేదీవారీ ఫోల్డర్లు చేసేటట్టయితే కెమెరా ఫొటోలన్నీ ఆ తేదీ ఫోల్డర్‌లోకే చేరతాయి. ఫోన్‌లో తీసిన జీలకర్ర బెల్లం వీడియో మాత్రం ముందురోజు ఫోల్డర్‌లో, రాత్రి 10:50 పేరుతో, ఎదుర్కోలు ఫొటోల మధ్య పడి ఉంటుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఎడిటింగ్‌కు కూర్చున్నవాళ్లు ఆ వీడియో ఎవరూ తీయలేదనే అనుకుంటారు. పట్టపగలు జరిగిన పెళ్లిలో తేదీ మారదు కాబట్టి ఈ తప్పు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. అర్ధరాత్రికీ ఉదయం 5:30కీ మధ్య తీసినవే ముందురోజుకు వెళ్లిపోతాయి. మన ముహూర్తాల్లో చాలావరకు ఆ వేళలోనే వస్తాయి కదా!

కారణం ఇదీ. ఫొటోలో తీసిన సమయం రాసే గడి పేరు డేట్‌టైమ్‌ఒరిజినల్. అందులో ఉండేది కెమెరా గడియారం చూపిన స్థానిక సమయం. అది ఏ దేశపు సమయమో అందులో ఉండదు. టైమ్ జోన్ తేడా రాసే గడులు 2016లో వచ్చిన ఎగ్జిఫ్ (ఫొటో వివరాలు రాసే ప్రమాణం) 2.31తోనే చేరాయి, పాత కెమెరాలు వాటిని రాయవు. ఎంపీ4, మొవ్ వీడియోల పద్ధతి వేరు. నియమం ప్రకారం వాటిలో సమయాన్ని 1904 జనవరి 1 నుంచి సెకన్ల లెక్కలో, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) రాయాలి. ఫోన్లు ఆ నియమం పాటిస్తాయి, కాబట్టి మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తుంది. చాలా కెమెరాలు అదే గడిలో స్థానిక సమయం రాసేస్తాయి. అంటే పక్కపక్కనే ఉన్న రెండు ఎంపీ4 ఫైళ్లలో ఒకే గడికి రెండు అర్థాలు. చూసి పోల్చుకునే గుర్తు ఏదీ లేదు కాబట్టి ఎగ్జిఫ్‌టూల్ ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

మందు కూడా ఎగ్జిఫ్‌టూల్‌లోనే ఉంది. క్విక్‌టైమ్‌యూటీసీ అనే ఆప్షన్ ఇస్తే వీడియో సమయాన్ని యూటీసీగా తీసుకుని కంప్యూటర్ టైమ్ జోన్‌లోకి మార్చి చూపిస్తుంది. అన్ని ఫైళ్లకూ ఇస్తే మాత్రం కెమెరా వీడియోలు ఐదున్నర గంటలు ముందుకు దూకుతాయి. ఆండ్రాయిడ్ వీడియోల్లో చాలాసార్లు మోడల్ పేరు ఉండదు, కాబట్టి మోడల్‌ను బట్టి విడదీయడం కుదరదు. దించేటప్పుడే రెండు ఫోల్డర్లు పెట్టాలి, ఒకటి కార్డులకు, ఒకటి ఫోన్లకు. రెండోదానికి మాత్రమే ఆ ఆప్షన్. ఐఫోన్ మొవ్ ఫైళ్లలో క్రియేషన్‌డేట్ అని జోన్‌తో సహా వేరే గడి ఉంటుంది, అది ఉన్నచోట దాన్నే వాడాలి. ఇక్కడ చూసుకోవాల్సింది కంప్యూటర్ గడియారం కాదు, జోన్. కంప్యూటర్‌లో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్ లైనక్స్ నడిపితే జోన్ యూటీసీ అనే ఉండొచ్చు, అప్పుడు ఆప్షన్ ఇచ్చినా ఏమీ మారదు. స్క్రిప్టు మొదటి వరుసలోనే జోన్ ఏసియా/కోల్‌కతా అని రాసేస్తే ఆ బెంగ ఉండదు.

ఇంత చేసినా ఫోన్ వీడియోలు కొన్ని అటూ ఇటూ అవుతాయి. కొన్ని ఫోన్లు రికార్డింగ్ మొదలైన సమయం కాక ఆపిన సమయం రాస్తాయి. పది నిమిషాల వీడియో అయితే వరుసలో పది నిమిషాలు కిందికి పోతుంది.

ఒకే వరుస అని పైన మెచ్చుకున్నది కూడా కెమెరా గడియారాలు కలిసినప్పటి మాటే. రెండు కెమెరా బాడీలు నెలకు కొన్ని సెకన్లయినా తేడాగా నడుస్తాయి. బ్యాటరీ తీసి చాలాకాలం పక్కన పెడితే తేదీ మొదటికే పోతుంది. అందుకని పని మొదలయ్యే ముందు రెండు కెమెరాలతోనూ ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారాన్ని ఒక్కో ఫొటో తీసుకోవాలి. తర్వాత ఎంత తేడా ఉందో అంత సర్దొచ్చు. సర్దడానికి ఆల్‌డేట్స్‌కు, అంటే ఫైలులోని తేదీ గడులన్నిటికీ, సమయం కలిపే పద్ధతే అందరూ చెబుతారు. స్క్రిప్టులో అది ప్రమాదం. మధ్యలో ఆగి మళ్లీ నడిపితే రెండోసారి కూడా కలుపుతుంది. పైగా మార్చిన ప్రతి ఫైలు పక్కనా పాత కాపీ ఒకటి మిగిలి డిస్కు నిండుతుంది. దానికి బదులు గ్లోబల్‌టైమ్‌షిఫ్ట్ అనే ఆప్షన్ ఇస్తే ఫైలు లోపల ఏమీ ముట్టుకోదు, పేరు పెట్టేటప్పుడు మాత్రమే లెక్క కలుపుతుంది. రెండు బాడీలూ ఒకే మోడల్ అయితే సీరియల్ నంబర్‌ను బట్టి విడదీయాలి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకు ఇవేవీ పనికిరావు, తీసిన సమయం వాటిలో మిగలదు. ఫైలు పేరులోని ఎనిమిది అంకెల తేదీ ఒక్కటే ఆధారం, అది కూడా తీసిన తేదీ కాకపోవచ్చు. పేరు మొత్తాన్ని ఎగ్జిఫ్‌టూల్‌కు అప్పగిస్తే అందులో డబ్ల్యూఏ అక్షరాల తర్వాతి అంకెలు గంటలూ నిమిషాలుగా చొరబడతాయి, ఎనిమిది అంకెలే విడిగా తీసి ఇవ్వాలి. పెళ్లివాళ్లకు ముందే చెప్పండి: ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమని. అలా పంపితే అన్నీ ఉంటాయి.

గండికోట లాంటి చోట ప్రీవెడ్డింగ్ తీసేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఫోన్‌లో జీపీఎక్స్ ట్రాక్ (ఏ సమయానికి ఎక్కడున్నామో రాసుకునే ఫైలు) రికార్డు చేసి ఎగ్జిఫ్‌టూల్‌కు ఇస్తే ప్రతి ఫొటోకూ స్థలం రాస్తుంది. జీపీఎస్‌కు సిగ్నల్ టవర్ అక్కర్లేదు కాబట్టి లోయ అంచున కూడా ట్రాక్ పడుతుంది. ట్రాక్ యూటీసీలో ఉంటుంది, ఫొటో సమయం పక్కన జోన్‌గా +5:30 అని జోడించి ఇవ్వడం మరవొద్దు.

చుట్టూ ఉండే ఏర్పాటు గురించి కొంచెం. కార్డు గుచ్చగానే స్క్రిప్టు మొదలవ్వాలంటే యూడెవ్ (కొత్త పరికరం తగిలినప్పుడు స్పందించే లైనక్స్ భాగం) నియమంలోనే స్క్రిప్టు పెట్టేస్తే సరిపోదు, ఎక్కువసేపు నడిచే పనిని యూడెవ్ మధ్యలో చంపేస్తుంది. నియమం ఒక సిస్టమ్‌డీ సర్వీసును (లైనక్స్ వెనకాల నడిపే పని) లేపాలి, కాపీ ఆ సర్వీసు చేయాలి. కాపీ అయ్యాక వెంటనే చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందో తేల్చే లెక్క) చూస్తే లైనక్స్ చాలావరకు ర్యామ్‌లో మిగిలిన కాపీనే చదివి సరే అంటుంది. డిస్కును అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), మళ్లీ మౌంట్ చేశాక చూసిందే నిజమైన తనిఖీ. కార్డులోంచి చెరిపే పని స్క్రిప్టుకు ఇవ్వొద్దు, కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. రా ఫొటోలు ఎడిట్ చేసే డార్క్‌టేబుల్ వాడేవాళ్లు పేరు మార్పు ముందే ముగించాలి, ఎడిట్లు దాచుకునే దాని ఎక్స్‌ఎంపీ ఫైలు రా ఫైలు పూర్తి పేరు మీదే ఆధారపడుతుంది. వేసవిలో కరెంటు పోయేటప్పుడు ఇన్వర్టర్ మారే వ్యవధిలోనే డెస్క్‌టాప్ ఆరిపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

రెండు కెమెరాలకు తోడు ఊరి జనం ఫోన్లు కలిసే పెళ్లి పనికి నేనైతే దీన్ని వదలను. ఒక్క కెమెరాతో పుట్టినరోజులు తీసేవాళ్లకు కెమెరా సంఖ్యల వరుసే చాలు. టెర్మినల్ అంటే బెదిరే స్టూడియోలో ఒకరు స్క్రిప్టు రాసి, ఇంకొకరు నడిపేటట్టయితే రాసినవాళ్లు ఊళ్లో అందుబాటులో ఉండాలి. లేదంటే ఈ టైమ్ జోన్ చిక్కు దగ్గరే పని ఆగిపోతుంది.