నాన్న చేతిలో కదలని నీలం చుక్క

పేరు చెప్పను. హైదరాబాద్‌లో మూడు బ్లాకులున్న పెద్ద ఆసుపత్రి. నాన్న నడుముకి ఎంఆర్ఐ తీయించాలి. రిసెప్షన్‌లో అమ్మాయి క్యూఆర్ కోడ్ చూపించి, "యాప్ వేసుకోండి మేడమ్, దారి అదే చూపిస్తుంది" అంది. వేసుకున్నాను. బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేయమంటే చేశాను. మ్యాప్‌లో మేమున్న చోట నీలం చుక్క వచ్చింది. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. స్లాబు కింద జీపీఎస్ సరిగ్గా అందదు కదా, మేం క్యాంటీన్ తలుపు దగ్గరున్నామని దీనికెలా తెలిసిందా అని.

వీల్‌చైర్ తోయడానికి రెండు చేతులూ కావాలి. ఫోన్ నాన్నకిచ్చాను.

"ఎటు చూపిస్తోంది నాన్నా?"

"ఎటూ లేదమ్మా. అక్కడే కూర్చుంది."

పొడుగాటి వరండా సగం దాటాక చుక్క ఒక్క గెంతు గెంతింది. అప్పటికే మలుపు వెనకబడిపోయింది. ఇలా రెండుసార్లు.

సాయంత్రం తమ్ముడికి చెబితే నవ్వాడు. వాడు చేసేది ఇలాంటి యాప్‌ల పనే. "అక్కా, గోడలకి అక్కడక్కడా చిన్న డబ్బాల్లాంటి బ్లూటూత్ బీకన్లు పెడతారు. సిగ్నల్ బలాన్ని బట్టి ఫోన్ చోటు లెక్కేసుకుంటుంది. రెండు బీకన్ల మధ్య మాత్రం నీ అడుగులు లెక్కపెట్టుకోవడమే దానికి దిక్కు. నడుస్తుంటే ఫోన్ ఊగుతుందిగా, లోపల యాక్సిలరోమీటర్ అని కదలికని పసిగట్టే సెన్సర్ ఉంటుంది, అది పట్టుకునేది ఆ ఊపునే. కుర్చీలో కూర్చున్న నాన్నకి ఊపెక్కడిది?"

ఆసుపత్రి కోసం చేసిన యాప్ అండీ ఇది! వీల్‌చైర్ ఒక్కసారైనా గుర్తుకు రాలేదా వీళ్లకి?

తిరిగొచ్చేటప్పుడు వార్డ్‌బాయ్ కుర్చీ తోశాడు, నేను ఫోన్ పట్టుకుని నడిచాను. చుక్క బుద్ధిగా వెంటే వచ్చింది, మందుల షాపు దగ్గర మూడు నాలుగు అడుగుల తేడా, అంతే. లిఫ్ట్ దిగాక మాత్రం చాలాసేపు ఇంకా బేస్‌మెంట్‌లోనే ఉన్నామంది. ఒక అంతస్తు ఎక్కితే గాలి ఒత్తిడి సుమారు 0.4 హెక్టోపాస్కల్ తగ్గుతుందట, బారోమీటరున్న ఫోన్లు ఆ తేడాని పసిగడతాయట. నాది 12 వేల ఫోన్, అందులో అది లేదు. ఆ ముక్క యాప్ వేసుకునేటప్పుడే చెప్పొచ్చుగా.

నడిచేవాళ్లకైతే నాలుగు స్టార్లు ఇవ్వచ్చు. నాన్న తరఫున రెండే ఇచ్చాను. అంతస్తు నంబరు మాత్రం లిఫ్ట్ పక్క గోడ మీదే చూసుకోండి. వచ్చే నెల మళ్లీ చూపించాలి. ఈసారి తమ్ముణ్ణి తీసుకెళ్తాను. కుర్చీ వాడు తోస్తాడు, ఫోన్ పట్టుకుని నేను ముందు నడుస్తాను.